సీటు కోసం ఎదురుచూపు, ఇంటిలోని గుబులు
(కర్నూలు, కడప జిల్లాల విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని ఈనాడు మాట్లాడమన్న విషయం కళాశాల ప్రవేశాలు. ఏ కోర్సుకు ఏ పరీక్ష, ఏ పరీక్షకు ఏ తేదీ, ఏ కాగితం ఎక్కడ దొరుకుతుంది, ఇవి చెప్పడం మాకు అలవాటైన పని. మేము కొందరం ఉపాధ్యాయులం, కొందరం నిన్నమొన్నటి విద్యార్థులం. ప్రతి వేసవిలో కర్నూలులోనూ కడపలోనూ పిల్లల దరఖాస్తులు నింపడంలో సాయపడుతున్నాం. దరఖాస్తు నింపేటప్పుడు పిల్లల ముఖాలు దగ్గరగా చూస్తాం. కొందరికి పుట్టిన తేదీ చెప్పేటప్పుడు కూడా గొంతు వణుకుతుంది. పక్కన తండ్రి నిలబడి ఉంటాడు, ఆయన చేతులలోని కాగితాల కట్ట కూడా వణుకుతూనే ఉంటుంది. ఆ వణుకును గురించి ఎవరూ మాట్లాడరు. అందుచేత తేదీలను, కాగితాలను కాస్త వెనక్కి నెట్టి ముందుగా దానిని గురించే మాట్లాడతాం.

పరీక్ష భయం అన్నది ఒక్క మన ఇళ్ళకు పరిమితమైనది కాదు. నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో లెక్కల ప్రకారం 2022లో దేశం మొత్తం మీద 13,044 మంది విద్యార్థులు తమ ప్రాణాలను తామే తీసుకున్నారు. వారందరూ పరీక్షల వల్లనే పోయారని చెప్పలేం, ప్రతి మరణం వెనుక అనేక కారణాలు ఉంటాయి. కాని ఫలితాలు వెలువడిన వారంలో మన తెలుగు పత్రికలలో వచ్చే వార్తలు మీకందరికీ తెలిసినవే. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తరువాత ఇరవై మందికి పైగా పిల్లలు వెళ్ళిపోయారు. ఆ ఏడాది ఫలితాల తయారీలోనే తప్పులు దొర్లాయి. సున్నా వచ్చిందన్న ఒక అమ్మాయికి తిరిగి చూస్తే 99 మార్కులు తేలాయి. తప్పిన వారి జవాబు పత్రాలన్నీ మళ్ళీ పరిశీలిస్తే వెయ్యి మందికి పైగా ఉత్తీర్ణులయ్యారు. ఫలితాల తయారీలో జరిగిన పొరపాటును ఒక పదిహేడేళ్ళ బిడ్డ తన జీవితం మీద వెలువడిన తీర్పుగా తీసుకున్నదంటే, ఆ బిడ్డ చుట్టూ ఉన్న మనమందరం ఆ కాగితానికి ఎంత విలువ కట్టి ఉంటామో ఆలోచించండి.

ఇక మన సంగతి. ఈ రెండు పాత జిల్లాలలో ప్రతి ఆరుగురిలో సుమారుగా ఒకరు ముస్లింలు. మన ఇళ్ళలో మెకానిక్‌లు, దర్జీలు, పండ్ల బండ్లవాళ్ళు, బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు బండల పనివాళ్ళు, ఆదోనిలో పత్తి మిల్లుల కూలీలు, రాయచోటి నుండి కువైట్‌కు వెళ్ళిన డ్రైవర్లు, ఇంటిపని చేసే అమ్మలు. చాలా ఇళ్ళలో ఇంటర్ చదువుతున్న బిడ్డే ఆ వంశంలో అంత దూరం వచ్చిన మొదటి మనిషి. ఆ బిడ్డకు ఇంటిలో దారి చెప్పేవారు లేరు. తప్పిపోతే "ఫరవాలేదు, మా కాలంలో నేనూ తప్పాను" అనగలిగిన మామయ్య లేడు. అందరి ఆశలూ ఒక్క భుజం మీద. కువైట్‌లో ఉన్న తండ్రి రాత్రి ఫోను చేసి అడిగే మొదటి ప్రశ్న మార్కులు. ఆయన ప్రేమతోనే అడుగుతాడు. ఎడారిలో పడిన కష్టానికి ఒక అర్థం కావాలి కదా ఆయనకు. కాని ఈ పక్క ఫోను పట్టుకున్న బిడ్డకు అది ప్రేమగా వినిపించదు, బాకీ అడిగినట్లు వినిపిస్తుంది.

పిల్లలారా, మీ గుండె దడ, నిద్ర పట్టకపోవడం, పరీక్షకు ముందు కడుపులో తిప్పడం, చదివినది ఒక్కసారిగా మాయమైపోవడం, ఇవి పిరికితనం కావు. ఈమాన్ బలహీనపడిందనడానికి గుర్తులూ కావు. ప్రమాదం వస్తున్నదని శరీరం అనుకున్నప్పుడు అది పరుగెత్తడానికో పోరాడడానికో సిద్ధమవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, జీర్ణం ఆగుతుంది. పులిని చూసినప్పుడు ఉపయోగపడే ఏర్పాటు అది. ప్రశ్నపత్రాన్ని చూసినప్పుడు ఉపయోగపడదు, అంతే. శరీరానికి పులి కాదు, కాగితమే అని తెలియజెప్పడానికి కొంత సమయం పడుతుంది. నెమ్మదిగా ఊపిరి వదలడం, ముఖం కడుక్కోవడం, పది నిమిషాలు నడవడం, నిద్ర తగ్గకుండా చూసుకోవడం వంటి చిన్న పనులే ఆ మాట చెప్తాయి. వుజూ చేసుకున్నప్పుడు కలిగే నెమ్మది మీకు తెలియనిది కాదు.

నిద్ర సంగతి వచ్చింది కనుక ఒక మాట. 2025లో ఇంటర్ పరీక్షలు మార్చి 1న మొదలైతే, రంజాన్ ఉపవాసాలు మార్చి 2న మొదలయ్యాయి. తరావీహ్ ముగిసేసరికి రాత్రి పొద్దుపోతుంది, సహరీకి మళ్ళీ లేవాలి, ఉదయం తొమ్మిదికి పరీక్ష. మధ్యలో చదువు. కర్నూలు మార్చి ఎండ మీకు చెప్పనక్కరలేదు. ఉపవాసం విషయంలో మేము ఫత్వాలు ఇచ్చేవాళ్ళం కాము, మీ ఆలిమ్‌లను అడగండి. మేము చెప్పగలిగినది ఒక్కటే. రాత్రి కోల్పోయిన నిద్రను జొహ్ర్ తరువాత గంటసేపు పడుకొని పూడ్చుకోండి. మధ్యాహ్నపు కునుకు, ఖైలూలా, మన సంప్రదాయంలో ఉన్నదే. పడుకున్న బిడ్డను చూసి "పరీక్షలు పెట్టుకొని నిద్రా?" అని లేపే తల్లిదండ్రులు దయచేసి ఆ గంట ఓపిక పట్టండి.

తల్లిదండ్రులతో మరికొంత ఎక్కువగానే మాట్లాడవలసి ఉంది, నొచ్చుకోకండి. మన ఇళ్ళలో ఒక మాట ఉన్నది: లోగాఁ క్యా బోలింగే? ఎవరీ లోగాఁ? ఫలితాల రోజు మాత్రమే ఫోను చేసే పెద్దమ్మ, తన కొడుకు ర్యాంకు చెప్పడానికే ఇంటికి వచ్చే పక్కింటాయన, షాదీఖానాలో భోజనాల వరుసలో కూర్చొని "బేటా, కిత్నే ఆయే?" అని అరిచే బంధువు. వీళ్ళు మీ బిడ్డ ఫీజు కట్టరు, మీ బిడ్డ రాత్రి ఏడిస్తే లేచి మంచినీళ్ళివ్వరు. వారి నోటికి భయపడి మీరు బిడ్డ మీద విసిరే మాటలు మాత్రం ఆ బిడ్డలో ఏళ్ళ తరబడి నిలిచిపోతాయి. ఫలితాల రోజున ఎవరు ఏమి అడిగినా జవాబు చెప్పవలసిన పని బిడ్డది కాదు, మీది. "అల్‌హందులిల్లాహ్, పరీక్ష రాశాడు, ముందు దారి చూస్తున్నాం" అని చెప్పి మాట మార్చేయండి. ఆ ఒక్క వాక్యం గోడలాగా నిలుస్తుంది.

ఇంకొక మాట కొందరికి కటువుగా తోచవచ్చు. మార్కులు తగ్గినప్పుడు "నమాజు సరిగ్గా చదవలేదు, అందుకే ఇలా అయింది" అనడం మేము చాలా ఇళ్ళలో విన్నాం. అల్లాహ్‌ను బిడ్డకు దగ్గర చేయవలసిన చోట, మార్కులు కోసే అధికారిగా చూపిస్తున్నాం. ఒంటెను ముందు కట్టి ఆ తరువాత దైవం మీద భారం వేయమన్న ప్రవక్త (స) బోధ మనందరికీ తెలుసు. కట్టడం అంటే చదవడం, దరఖాస్తు సరిగ్గా నింపడం, గడువులు చూసుకోవడం. ఆపైన జరిగినది బిడ్డ పాపాల లెక్క కాదు. దువా చేయండి, ఇస్తిఖారా చేయండి, బిడ్డను మాత్రం బోనులో నిలబెట్టకండి.

లెక్క అన్నాం కనుక అసలు లెక్కలు చూద్దాం. 2024లో నీట్‌కు సుమారు 24 లక్షల మంది దరఖాస్తు చేశారు. దేశం మొత్తం మీద ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్ష పైచిలుకు. అందులో ప్రభుత్వ కళాశాలల సీట్లు దాదాపు సగం. అంటే సామాన్య కుటుంబం భరించగల ఒక్క సీటుకు నలభై మందికి పైగా. ఈ లెక్కలో నలభై మందిలో ముప్పై తొమ్మిది మంది తెలివితక్కువ వాళ్ళనే అర్థం ఎక్కడ ఉంది? బల్లలు తక్కువ, కూర్చోవలసిన వాళ్ళు ఎక్కువ. ఆ ఏడాదే ప్రశ్నపత్రం లీకైందన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. నీట్‌లో రానంత మాత్రాన మన అమ్మాయి చదువుకు పనికిరానిదని నిర్ణయించేవారు ఆ పరీక్షకు లేని గౌరవాన్ని దానికి ఇస్తున్నారని మా అభిప్రాయం.

ఇంజినీరింగ్ సంగతి దీనికి తలకిందులు. మన రాష్ట్రంలో ఏటా వేల సీట్లు ఖాళీగా మిగిలిపోతున్నాయి. అక్కడ సీటు వస్తుందా రాదా అన్న భయానికి చోటే లేదు. ఏ కళాశాల, ఏ శాఖ, ఫీజు ఎవరు కడతారు అన్నవే ప్రశ్నలు. అయినా పిల్లలు రెండింటికీ ఒకే తీరుగా భయపడుతున్నారు. భయానికి లెక్కలు తెలియవు, మనం చెప్పాలి. డిగ్రీ కళాశాలల్లోనూ అంతే. 2020 నుండి డిగ్రీ ప్రవేశాలు ఉన్నత విద్యామండలి వారి ఆన్‌లైన్ పద్ధతిలో జరుగుతున్నాయి. కర్నూలులో కె.వి.ఆర్. మహిళా కళాశాల, సిల్వర్ జూబిలీ కళాశాల, ఉస్మానియా కళాశాల, కడపలో ప్రభుత్వ పురుషుల, మహిళల కళాశాలలు, యోగి వేమన విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఇవి ఓడిపోయినవాళ్ళు చేరే చోట్లు అన్న చిన్నచూపు ఎక్కడి నుండి వచ్చిందో మాకు అర్థం కాదు. కార్పొరేట్ జూనియర్ కళాశాలల గోడల మీది ర్యాంకుల ఫ్లెక్సీల నుండి వచ్చి ఉంటుందని అనుమానం.

ఉస్మానియా కళాశాల పేరు వచ్చింది. దానిని 1947లో స్థాపించినవారు మన కర్నూలువారైన డాక్టర్ అబ్దుల్ హఖ్ గారు. ఒకప్పుడు ఈ సీమలో పెద్ద చదువు కావాలంటే చాలామంది మద్రాసు రైలెక్కవలసిందే. అదెక్కగలిగిన సాయిబుల పిల్లలు ఎందరు? దేశం రెండుగా చీలి, ముస్లిం ఇళ్ళన్నీ భయంతో తలుపులు బిగించుకొన్న ఏడాది అది. ఆ ఏడాదిలో ఒక మనిషి కర్నూలులో కళాశాల తలుపు తెరిచాడు, అన్ని మతాల పిల్లలకూ తెరిచాడు. నేడు కర్నూలులోని ఉర్దూ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టుకున్నాం. 2018 నుండి కడపలో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వారి పాలిటెక్నిక్ కూడా నడుస్తున్నది. పదవ తరగతి తరువాత ఉర్దూ చదువుకున్న పిల్లలు దీని సంగతి తెలుసుకోవాలి. పాలిటెక్నిక్ ముగించి ఈసెట్ రాసినవారు ఇంజినీరింగ్ రెండవ సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. ఇంటర్‌లో ఎంపీసీ భారం మోయలేని పిల్లలకు ఇది వెనకదారి కాదు, మరొక ముందుదారి. పదవ తరగతి మార్కులతోనే ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చేరే దారీ ఉంది. అక్కడి లెక్కలో ప్రభుత్వ బడుల పిల్లలకు కొంత అదనపు అవకాశం ఇస్తారు.

ఇప్పుడు కాస్త కోపంగా మాట్లాడవలసిన భాగానికి వచ్చాం. మన పిల్లల ఆందోళన అంతా మనసులో పుట్టినదే అయితే ఊపిరి పీల్చి వదలమని చెప్పి ఇంటికి పోవచ్చు. కాని అందులో సగం బయట నుండి వచ్చింది. 2006లో సచార్ కమిటీ చెప్పిన మాట గుర్తుందా? దేశంలోని పేరున్న కళాశాలల డిగ్రీ తరగతుల్లో పాతిక మందికి ఒక్కరే ముస్లిం. ఆ తరువాత పద్నాలుగేళ్ళకు, కేంద్ర విద్యాశాఖ వారి సర్వే ప్రకారం, 2019-20లో సుమారు 21 లక్షలుగా ఉన్న ముస్లిం విద్యార్థుల సంఖ్య 2020-21లో 19 లక్షల పైచిలుకుకు పడిపోయింది. మిగిలిన వర్గాల సంఖ్యలు పెరుగుతున్న ఏడాదిలో మన సంఖ్య తగ్గింది. కోవిడ్‌లో మూతపడిన దుకాణం, ఆగిన కువైట్ జీతం, అన్నకు బదులు మెకానిక్ షెడ్డుకు వెళ్ళిన తమ్ముడు, ఇవన్నీ ఆ అంకెలో ఉన్నాయి. 2022 డిసెంబరులో పరిశోధక విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును నిలిపివేశారు. అదే ఏడాది ఎనిమిదవ తరగతి లోపు పిల్లలకు ప్రీమెట్రిక్ ఉపకారవేతనాలూ ఆపేశారు. మెట్లు ఒక్కొక్కటే తీసివేస్తూ మన పిల్లలను పైకి ఎక్కడం లేదేమని అడుగుతున్నారు.

రిజర్వేషన్ మాట చూడండి. 2004లో ఐదు శాతం ప్రకటిస్తే హైకోర్టు కొట్టివేసింది. 2005లో చట్టం చేస్తే దానినీ కొట్టివేసింది. 2007లో వెనుకబాటుతనాన్ని వర్గాలవారీగా పరిశీలింపజేసి, నాలుగు శాతం బి.సి.-ఇ గా చట్టం తెచ్చారు. 2010 ఫిబ్రవరిలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దానినీ కాదన్నది. ఆ మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి పద్నాలుగు వర్గాలకు కొనసాగనిచ్చింది. ఇప్పుడు మనం అనుభవిస్తున్నది ఆ మధ్యంతర ఉత్తర్వు మీద నిలిచిన అవకాశమే. 2007లో ఆ చట్టం పుట్టిన ఏడాదిలోనే పుట్టిన పిల్లలు ఇంటర్ ముగించారు. చట్టమూ బిడ్డా ఒకే వయసు వాళ్ళు, ఇద్దరికీ భవిష్యత్తు తేలలేదు. ఎన్నికల సభలలో ఎవరైనా ఈ నాలుగు శాతం తీసివేస్తామన్న ప్రతిసారీ మన ఇళ్ళలో టీవీ ముందు కూర్చున్న ఒక విద్యార్థి అన్నం మానేస్తాడు. అతనికి ధైర్యం చెప్పడమంటే నిజం చెప్పడమే. ఈ రోజు ఆ అవకాశం అమలులో ఉంది, ఈ ఏడాది ప్రవేశాలలో నీకు వర్తిస్తుంది, కోర్టు పని న్యాయవాదులూ సంఘాలూ చూస్తాయి, నువ్వు నీ ధ్రువపత్రం చూసుకో.

ధ్రువపత్రాల దగ్గరే మనవాళ్ళకు ఎక్కువ దెబ్బ తగులుతున్నది. మేము చూసిన కన్నీళ్ళలో ర్యాంకు రానందుకు కారినవాటికన్నా కాగితం కుదరనందుకు కారినవి ఎక్కువ. మొదటిది పేరు. ఒకే బిడ్డ ఆధార్‌లో షేక్‌ను ఒక తీరుగా, పదవ తరగతి మెమోలో ఇంకొక తీరుగా, కుల ధ్రువపత్రంలో రెండు అక్షరాల పొడి రూపంలో రాసి ఉంటుంది. తండ్రి పేరులో బాషా ఒకచోట ఉంటుంది, ఇంకొకచోట ఉండదు. కౌన్సెలింగ్ నాటికి దిద్దుకోవచ్చులే అనుకుంటారు. కుదరదు. పదవ తరగతి మెమోను ప్రమాణంగా పెట్టుకొని మిగిలినవన్నీ ఇంటర్ మొదటి సంవత్సరంలోనే సరిచేయించండి.

రెండవది వర్గం. షేక్, ఖురేషీ, లబ్బీ, ఫకీరు, అత్తరు సాయిబులు మొదలైన వర్గాలు బి.సి.-ఇ లో ఉన్నాయి. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా వర్గాలు బి.సి.-బి లోనివి, మెహతర్‌లు బి.సి.-ఎ. సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలకు బి.సి.-ఇ లేదు. వారు ఆదాయ పరిమితిలో ఉంటే ఆర్థికంగా వెనుకబడినవారి పది శాతంలో, అంటే ఇ.డబ్ల్యు.ఎస్.లో దరఖాస్తు చేయవచ్చు. ఈ సంగతి తెలియక ఓపెన్‌లో పోటీపడి నష్టపోయిన పఠాన్ కుటుంబాలు మాకు తెలుసు. రాష్ట్ర జాబితా, కేంద్ర జాబితా ఒకటి కావన్నది కూడా గుర్తుంచుకోండి. ఈఏపీసెట్ కౌన్సెలింగులో చెల్లిన కాగితం కేంద్ర సంస్థలలో చెల్లకపోవచ్చు. దరఖాస్తుకు ముందే మీ వర్గం ఏ జాబితాలో ఉన్నదో చూసుకోవాలి.

మూడవది స్థానికత. మన రెండు జిల్లాలూ శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధిలోనివి, సీట్లలో 85 శాతం స్థానికులవి. అందుకు స్టడీ సర్టిఫికెట్లు కావాలి. హిఫ్జ్ కోసం రెండు మూడేళ్ళు మదర్సాలో గడిపి, ఆ తరువాత ఓపెన్ స్కూలులో పదవ తరగతి రాసిన పిల్లలు ఇక్కడ చిక్కుకుంటున్నారు. ఖుర్ఆన్ మొత్తం కంఠస్థం చేసిన బిడ్డ, ఏ బడిలో చదివావన్న ప్రశ్నకు బిత్తరపోయి నిలబడతాడు. బడిలో చదవని ఆ కాలానికి తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం ఆధారం అవుతుంది. దానిని చివరి వారంలో అడిగితే దొరకదు. ముందుగానే తీసి పెట్టుకోండి.

ఫీజు విషయం. కన్వీనర్ కోటాలో వచ్చిన సీటుకు ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటుంది, మేనేజ్‌మెంట్ కోటాకూ స్పాట్ అడ్మిషన్‌కూ ఉండదు. ఫలితాల మరునాటి నుండే దళారులు ఇళ్ళ చుట్టూ తిరుగుతారు. "సీట్లు అయిపోతున్నాయమ్మా, ఈ రోజే అడ్వాన్సు కట్టండి" అంటారు. ఆందోళనలో ఉన్న తల్లి చెవిపోగులు అమ్మి కడుతుంది. వాళ్ళ వ్యాపారమంతా మన గుబులు మీదనే. కౌన్సెలింగ్ చివరి విడత ముగిసేదాకా ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వకండి. వెబ్ ఆప్షన్లు ఐదో పదో పెట్టి ఊరుకోకండి, చేరడానికి ఇష్టమైన ప్రతి కళాశాలనూ ఇష్టమైన వరుసలో పెట్టండి. ఇక రీయింబర్స్‌మెంట్ బకాయిలు పేరుకుపోయినప్పుడు కళాశాలలు సర్టిఫికెట్లు పట్టుకొని కూర్చోవడం మీరు ఎరిగినదే. విద్యార్థుల అసలు సర్టిఫికెట్లు కళాశాలలు తమ వద్ద ఉంచుకోరాదని 2018లోనే యూజీసీ స్పష్టం చేసింది. ఒంటరిగా వెళ్ళి బతిమాలకండి. నలుగురు కలిసి, రాతపూర్వకంగా అడగండి, ప్రతి తీసుకోండి.

అమ్మాయిల తండ్రులకు ఒక మాట. ఆడపిల్ల గుబులులో సగం పరీక్ష గురించి కాదు. రాకపోతే పెళ్ళి చేసేస్తారేమో, వచ్చినా దూరమని పంపరేమో, ఈ రెండింటి మధ్య ఆ పిల్ల నలిగిపోతున్నది. గెలిచినా ఓడినా తలుపు మూసే ఉంటుందని తెలిసిన బిడ్డ ఎట్లా చదువుతుంది? ఫలితాలకు ముందే ఆమెతో కూర్చొని, ఇంత దూరం వరకు పంపగలం, ఇటువంటి హాస్టలు అయితే సరే, పెళ్ళి మాట ఫలానా ఏడు దాకా ఎత్తం అని తేల్చి చెప్పండి. ఇచ్చిన మాట నిలబెట్టుకోండి. ప్రవేశాలలో ఆడపిల్లలకు మూడోవంతు సీట్లు ఉన్నాయి, మన అమ్మాయిలకు ఆ హక్కూ ఉన్నది. హిజాబు గురించి కూడా భయపడుతున్నారు. నీట్ నిబంధనలలో మతపరమైన దుస్తులు ధరించినవారు తనిఖీ కోసం ముందుగా కేంద్రానికి రావాలని మాత్రమే ఉంది, వద్దని లేదు. ఆ నిబంధన ప్రతి ఒకటి సంచిలో పెట్టుకొని, గంట ముందు గేటు దగ్గర ఉండండి. ఎవరైనా అడ్డుపడితే అరవకుండా ఆ కాగితం చూపించండి.

ఇప్పుడు అన్నింటికన్నా బరువైన మాట. 2023లో విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ హాస్టలులో మరణించిన ఒక పదిహేడేళ్ళ విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు చెప్పింది. దర్యాప్తును సీబీఐకి అప్పగించడమే కాక, దేశంలోని విద్యాసంస్థలకూ శిక్షణ కేంద్రాలకూ పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు పైగా విద్యార్థులు ఉన్నచోట శిక్షణ పొందిన కౌన్సెలరు ఉండాలి. మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయరాదు, నలుగురిలో అవమానించరాదు. సహాయ ఫోను నంబర్లు హాస్టళ్ళలోనూ తరగతులలోనూ కనబడేటట్లు పెట్టాలి. మన పిల్లలు చదువుతున్న జూనియర్ కళాశాలల్లో ఇవి ఉన్నాయా? మీరు ఫీజు కట్టడానికి వెళ్ళినప్పుడు అడగండి. కౌన్సెలరు గది చూపించమనండి. అడిగే హక్కు మీకు ఉన్నది.

ఇంటిలో కూడా కొన్ని గుర్తులు కనిపెట్టాలి. బిడ్డ రోజుల తరబడి తినకపోయినా, గది విడిచి రాకపోయినా, ఇష్టమైన వస్తువులు ఇతరులకు ఇచ్చేస్తున్నా, "నేను లేకపోతే మీకు భారం తగ్గుతుంది" వంటి మాట నోట వచ్చినా, దానిని నాటకమనుకోకండి. కోప్పడకండి. ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. చచ్చిపోవాలనిపిస్తున్నదా అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగితే బిడ్డకు గొంతులో ముడి విడుతుంది. టెలీ మానస్ అనే ప్రభుత్వ ఉచిత ఫోను సేవ ఉంది, నంబరు 14416. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలోనూ కడప రిమ్స్‌లోనూ మానసిక వైద్యులు ఉన్నారు. మనవారిలో కొందరు ముందు దర్గాకో, దమ్ చేయించడానికో వెళ్తారు. దానితో మాకు తగవు లేదు, కాని అదే బండి మీద ఆసుపత్రికి కూడా వెళ్ళండి. జ్వరానికి డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి సిగ్గుపడనివాళ్ళం దీనికి ఎందుకు సిగ్గుపడాలి? ఆత్మహత్య హరామ్ అని గద్దించడం ఆ సమయంలో మందు కాదు. "నువ్వు మాకు కావాలి, సీటు కాదు" అన్న మాట మందు. అది ఫలితాల తరువాత కాదు, ఫలితాలకు ముందు రాత్రి చెప్పాలి.

తప్పిన పిల్లలకు అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు అదే వేసవిలో ఉంటాయి, వాటిలో ఉత్తీర్ణులైతే ఏడాది వృథా కాదు. రీవెరిఫికేషన్‌కు గడువు తక్కువగా ఉంటుంది, కాబట్టి ఏడ్చే పని ఒక్కరోజులో ముగించి మరునాడు దరఖాస్తు చేయండి. మళ్ళీ ఒక ఏడాది నీట్‌కు కూర్చోవాలా అన్నది బిడ్డతో కలిసి నిర్ణయించండి. మా ఉద్దేశంలో మొదటి ఏడాదికీ కటాఫ్‌కూ మధ్య దూరం తక్కువగా ఉండి, బిడ్డే అడుగుతుంటే సరే. దూరం చాలా ఉండి, తండ్రి కోరిక మాత్రమే మిగిలి ఉంటే వద్దు. నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్ టెక్నాలజీ, వ్యవసాయ డిప్లొమా, డిగ్రీ తరువాత బి.ఎడ్. ఇవన్నీ మన ఊళ్ళలో అన్నం పెడుతున్న చదువులే.

జమాత్ పెద్దలను ఒకటి అడగాలి. ఈ రెండు జిల్లాల మసీదులలో జుమా నాడు వందలమంది కూడుతారు. మే నుండి ఆగస్టు దాకా జుమా తరువాత ఒక గంట, మసీదు వరండాలో ఒక బల్ల, ఒక కంప్యూటరు, దరఖాస్తులు తెలిసిన ఇద్దరు యువకులను కూర్చోబెట్టండి. అమ్మాయిలకు, తల్లులకు ఆదివారం ఒక ఇంటిలోనో ఉర్దూ బడిలోనో అదే ఏర్పాటు చేయండి, అక్కడ చదువుకున్న అక్కలు ఉండాలి. ఫీజు గడువు నాటికి చేతిలో డబ్బులేని ఇళ్ళకు జకాత్ నిధిలో కొంత అప్పుడే విడిగా తీసి ఉంచండి. జూన్, జూలైలలోనే వేరుశనగ విత్తనానికీ కళాశాలకూ ఒకేసారి డబ్బు కావలసివస్తుంది, మన సీమలో ఆ రెండు నెలలు ఎవరి చేతిలోనూ పైసా ఆడదు. కర్నూలు, కడప పట్టణాలలో ఈ బల్లల దగ్గర కూర్చోవడానికి మేము సిద్ధంగా ఉన్నాం. ఆదోని, నంద్యాల, ప్రొద్దుటూరు, రాయచోటి నుండి ఎవరైనా ముందుకు వస్తే శిక్షణ ఇస్తాం. పేర్లు ఇవ్వదలచినవారు సభ ముగిశాక వేదిక ఎడమవైపున ఉన్న రిజిస్టరులో రాయండి. ధ్రువపత్రాలలో పేర్లు తేడాగా ఉన్న పిల్లలు మాత్రం ఇప్పుడే, భోజనాలకు ముందే, కాగితాలతో మా దగ్గరికి రండి.